రెండో భాగంలో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో, అంటే సినిమాలకు ముగింపు లేకుండా పోవడం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, టికెట్టు డబ్బులు పూర్తిగా తీసుకుని కథ సగమే చెప్పి, మిగతాది ఇంకెప్పుడో చెప్తామని పంపించేవాళ్ళు. (కిరాణా కొట్టువాడు కిలో పప్పుకు డబ్బులు తీసుకుని అరకిలో కొలిస్తే ఊరుకుంటామా?) అప్పుడు నేను సారపాకలో కాగితం మిల్లులో కాంట్రాక్టు ఉద్యోగిని. 'పర్మినెంటు కాదంట' అన్న ఒక్క మాటతో నాకొచ్చిన సంబంధాలన్నీ వచ్చిన దారినే పోతుండేవి. ముదిగొండలో మా అమ్మ మొక్కని దేవుడు లేడు. అలాంటప్పుడు సత్తుపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫోటో చూశాను. నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఆ వారం మిల్లులో ఏ షిఫ్టు వేసినా కిక్కురుమనకుండా చేశాను. ఇదీ పోతే ఇక జన్మలో పెళ్ళి మాటెత్తకూడదని కూడా అనుకున్నాను.

అమ్మాయి మాత్రం కాఫీ కప్పులు పట్టుకుని తలొంచుకుని రానందట. ఖమ్మంలో ఏదైనా సినిమాకు వెళ్తే అక్కడే మాట్లాడుకుంటామందట. ఇద్దరమే అనుకుని నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. మావాళ్ళదొకటి, వాళ్ళవాళ్ళదొకటి, రెండు కార్ల జనం దిగారు! వాళ్ళందరికీ కావలసింది ఒక కుటుంబ కథ రెండో భాగం. దానికి టికెట్లు అయిపోయాయనగానే నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను, ఎందుకంటే అంతకు ముందు వారమే అమ్మ నన్ను దానికి లాక్కెళ్ళింది. మొదటి భాగం చివర్లో ఆ అన్నదమ్ములంతా ఏడ్చి, కావలించుకుని, ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. రెండో భాగం మొదలయ్యేసరికి మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎందుకంటే, చివర్లో మళ్ళీ కలవాలి కదా! అమ్మ మళ్ళీ కొంగు తడిసేలా ఏడ్చింది. నాకైతే అంతమందికి అన్నం వండిన వంటమనిషి మీద జాలేసింది.

ఇక మిగిలింది పక్క హాల్లో ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా. అదీ రెండో భాగమే. సీట్ల దగ్గరికి రాగానే మా మేనమామ అడ్డం పడ్డాడు. "పెండ్లి గాకముందే గిట్ల చీకట్ల పక్కపక్కన కూసునుడేంది?" అని గట్టిగా అని, మా ఇద్దరి మధ్యా అమ్మాయి నాయనమ్మను తెచ్చి కూర్చోబెట్టాడు, రెండు చెలకల మధ్య గట్టులాగా. ఆవిడకు సినిమాలంటే ఇష్టమే గానీ, ఏదీ తెలుసుకోకుండా చూడదు.

"బాబూ, ఇంతకుముందు ఏమైందో చెప్పు" అంది. మొదటి భాగంలో హీరో ఊరిని కాపాడి చనిపోయాడని చెప్పాను. అంతలో తెర మీద హీరో ఎగురుకుంటూ వచ్చాడు.

"చచ్చాడన్నావుగా?"

"ఇతను వేరే లోకంలో ఉండే అతను, నాయనమ్మా."

"అతనే అయితే వేరే లోకమేంది? వేరే లోకం వాడైతే అతనెట్లా అవుతాడు?"

దీనికి జవాబు ఆ సినిమా తీసినవాళ్ళ దగ్గర కూడా ఉండదు.

"పదోరోజు చేశారా మొదటాయనకి?"

"చేశారండీ."

"ఈ పిల్లెవరు, ఈయన్ని పట్టుకుని ఏడుస్తంది?"

"మొదటాయన భార్య."

"అయ్యో రాత! మరి ఆ పిల్లకి ఇప్పుడు మొగుడున్నట్టా, లేనట్టా?"

ముందు వరుసలోంచి ఎవరో వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, జర సినిమా చూడనియ్యి" అన్నారు. ఆవిడ గొంతు తగ్గించింది, ప్రశ్నలు తగ్గించలేదు. తెర మీద ఏదైనా పేలినప్పుడల్లా ఆ వెలుగులో అమ్మాయి ముక్కూ, ఒక చెవి జుంకా కనిపించేవి. ఆ వీరుడు లోకాన్ని కాపాడుతున్నాడు గానీ నన్ను కాపాడేవాడే లేడు. ఇంటర్వెల్లో ఆమె చుట్టూ పిన్నులు, నా చుట్టూ మా మామ. పళ్ళు నూరుకుంటూ రెండో సగం కూడా చెప్పాను. చివర్లో 'మిగతా కథ మూడో భాగంలో' అని వేసి లైట్లు వేశారు. వాళ్ళ కారు వెళ్ళిపోయింది. ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

"పిల్ల ఎట్లుందిరా?" అన్నాడు మామ.

"నాయనమ్మ బాగుంది మామా" అన్నాను, కడుపు మండి.

చాలా రోజులు కబురు లేదు. పోయిందనుకుని, కనబడిన ప్రతి సినిమా పోస్టరునూ తిట్టుకుంటూ తిరిగాను. ఒక సాయంత్రం షిఫ్టు దిగి గేటు దగ్గర టీ తాగుతుంటే ఫోను మోగింది. అమ్మాయే!

"నాయనమ్మ అడగమంటోందండీ, ఆ పిల్ల మొగుడి సంగతి ఏమైందని."

"అది మూడో భాగంలో గానీ తెలియదండీ. చాలా కాలం పడుతుంది."

"అన్నాళ్ళు ఆగలేనంటోంది. మీరే ఏదో ఒకటి చెప్పాలంట. అల్లుడైతే వస్తూ పోతూ ఉంటాడు, అప్పుడు చెప్పించుకుంటానంటోంది."

"మరి మీరేమంటున్నారు?"

"సినిమా అంతా మీ మాటలే విన్నాను. తెర మీద ఏం జరిగిందో నాకూ తెలియదు" అంది.

పెళ్ళయింది. సత్తుపల్లి వెళ్ళినప్పుడల్లా నాయనమ్మకు మూడో భాగం నేనే చెప్పాను. హీరో అసలు చావనే లేదన్నాను, ఆ పిల్లను ఆమె మొగుడి దగ్గరికి క్షేమంగా చేర్చాను. అసలు మూడో భాగం వచ్చాక ఆవిడను తీసుకెళ్తే, సగం చూసి హాలంతా వినపడేలా, "వీళ్ళకి కథ సరిగ్గా తెలవదు. మా అల్లుడు చెప్పిందే నిజం" అంది. సిగ్గుతో చచ్చాను.

ఈమధ్య నాలుగో భాగం వచ్చింది. నాయనమ్మకు మోకాళ్ళు సహకరించక రాలేదు. మా ఆవిడ పని ఉందంది. ఒక్కణ్ణే ఖమ్మం వెళ్ళాను, హాయిగా, ప్రశాంతంగా చూద్దామని. ఎవరో లేచారు, ఎవరో పోయారు, ఎవరు ఏ లోకమో ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్నెవరూ ఏమీ అడగడం లేదు. ఏమిటో దిగులేసింది. అమ్మాయితో ఒక్క మాటైనా మాట్లాడనివ్వలేదని పళ్ళు నూరిన ఆ కొత్త చొక్కా కుర్రాడు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఇంటర్వెల్లో బయటికొచ్చి సత్తుపల్లి బస్సెక్కాను. నాయనమ్మకు రెండో సగం ఏం చెప్పాలో దారిలో తల్లాడ దాటేలోపు ఆలోచించుకోవాలి.