పక్క హాలు గట్టిమేళం

ఇబ్రహీంపట్నంలో మా చెల్లి పెళ్లి. పక్క ఫంక్షన్ హాల్లోనూ ఇంచుమించు అదే ముహూర్తానికి ఇంకో పెళ్లి. అవతలి పంతులు "గట్టిమేళం!" అని అరిస్తే ఆ కేక మా స్పీకర్లలో మోగింది. మా బ్యాండువాళ్లు వాయించేశారు. తాళి ఇంకా కొబ్బరికాయ మీదే ఉంది, అందరూ అక్షింతలు చల్లేశారు.

నేను కొట్లాటకే పోయాను. "మీ మైకు జేయవట్టి మా అక్షింతలన్నీ ఒడిసినయ్!"

అవతలి మైకాయన నవ్వాడు. "రెండు కార్డ్‌లెస్ మైకులు ఒక్క చానల్లనే ఉన్నయన్నా. గాలిల జాగ మస్తుంది, నేనే జర జరుగుత" అని తన చానల్ మార్చుకున్నాడు.

కోపం మిగిలిపోయింది, కొట్లాడటానికి మనిషి లేడు. మా హాలుకి తిరిగొస్తుంటే నా వెనకాలే వాళ్ల హాలు నుంచి పళ్లెం నిండా అక్షింతలు వచ్చాయి. తాళి కట్టినప్పుడు మా చెల్లి తలమీద పడ్డవి అవే.