మేస్త్రి గారి తెల్ల పట్టా

మేస్త్రి గారు పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. మార్చి నెల, కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో ఇంకా మైనస్ పద్దెనిమిది. కడుతున్న ఇంటి రెండో అంతస్తు గోడకి హౌస్ ర్యాప్ చుడుతున్నాం. ఒక చేత్తో షీటు నొక్కిపట్టి, రెండో చేత్తో ఫోన్ ఎత్తాను. "పొద్దున ఆరింటికి, హాస్పిటల్లో. ఏమీ చెప్పలేదురా. ఊపిరి ఆగిపోయిందంతే," అంది ఆంటీ. గాలికి షీటు చేతిలోంచి లేచి మొహానికి కొట్టుకుంది. ఆయన ఉంటే ముందు షీటు సంగతి అడిగేవారు, ఆ తర్వాతే చావు సంగతి. ఆ మూలకి నాలుగు స్టేపుల్స్ కొట్టి, అప్పుడు కిందికి దిగాను.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడి ఇళ్ళు చెక్కవి. చెక్కగోడ నిలబెట్టాక, బయటి పలకలు కొట్టే ముందు, ఇల్లంతా ఒక తెల్లటి పల్చటి షీటు చుడతారు. చూడటానికి కాగితం, చేత్తో చింపితే చిరగదు. వాననీ గాలినీ లోపలికి రానివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది. మేస్త్రి గారు ముప్పై ఏళ్ళు దాన్ని ఊళ్ళో ఇళ్ళకి చుట్టారు. మిగిలిన ముక్కలు తనకి చుట్టుకుని అడవికి వెళ్ళారు.

ఫ్యూనరల్ హోమ్‌లో మనవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆయనది వెన్నలాంటి మనసని చెప్పారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను, ఏడు సీజన్లు ఆయన వెంట వేటకి వెళ్ళాను. మనిషిని మాటతో అంత లోతుగా కోసేవాళ్ళని ఇంకొకరిని చూడలేదు. పోయారు కదా అని నేనిప్పుడు తియ్యగా రాస్తే ఆయనకే నచ్చదు.

నేను కరీంనగర్‌లో సివిల్ ఇంజనీరింగ్ చేసి, ప్రావిన్షియల్ నామినీగా, అంటే ఇక్కడి రాష్ట్రం సిఫారసుతో, శాశ్వత నివాసపు పీఆర్ తెచ్చుకుని, పెళ్ళాంతో సహా ఇక్కడ దిగినవాణ్ణి. ఆఫీసు ఉద్యోగం ఎక్కడా దొరకలేదు. తెలుగువాడొకడు ఇళ్ళు కట్టే పనివాళ్ళ క్రూకి మేస్త్రి అని విని వెళ్ళి నిలబడ్డాను. మొదటి వారం నేను చుట్టిన గోడ చూసి, ఆయన జేబులోంచి కత్తి తీసి, పైనుంచి కిందిదాకా ఒక్క గీత గీసి, షీటు మొత్తం నేలమీదికి లాగేశారు. క్రూ అంతా చూస్తోంది.

"కింది షీటు మీదికి పై షీటు రావాలి. నువ్వు తిరగేసి కొట్టావు. వాన నీళ్ళు తిన్నగా గోడలోకి పోతాయి," అన్నారు. తర్వాత గుంటూరు యాస ఇంకాస్త సాగదీసి, "నీ డిగ్రీ కాగితం తెచ్చి చుట్టినా ఇంతకన్నా నీళ్ళు ఆగుతాయి ఇంజనీరూ," అన్నారు. ఆ రోజునుంచి నా పేరు ఇంజనీరు. తొమ్మిదేళ్ళలో నా అసలు పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు.

రోల్ చివర మిగిలిన ముక్కల్ని ఆయన చుట్టచుట్టి ట్రక్కులో వేసుకునేవారు. ఇంటికి తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్‌లో చన్నీళ్ళతో, సబ్బు లేకుండా, రెండు మూడు సార్లు తిప్పేవారు. కొత్త షీటు ముట్టుకుంటే అప్పడంలా పటపటమంటుంది. అడవిలో ఆ చప్పుడు అరమైలు వినపడుతుంది. అలా తిప్పాక బిరుసు వదిలి పాత పంచెలా మెత్తబడుతుంది. అప్పుడు గరాజ్‌లో కుట్టు మిషన్ ముందు కూర్చునేవారు. తల మీదికి గుడారంలా కట్టుకునే పట్టా, కింద పరుచుకునే పట్టా, స్లీపింగ్ బ్యాగ్ మీద తొడుగు, మాంసం వేలాడదీసే సంచులు, అన్నీ అందులోంచే. ఆ సంచుల్లో మాంసానికి గాలి ఆడుతుంది, మట్టి అంటదు. నవంబర్ వేటలో తెల్లటి వస్తువు దూరంనుంచి జింక తోకలా కనిపిస్తుందని పట్టా నాలుగు మూలలకీ ఆరెంజ్ గుడ్డ కుట్టేవారు. "తోక అనుకుని ఎవడన్నా కాలిస్తే, నువ్వు జింకవి కాదని చెప్పుకోడానికి నువ్వుండవు," అనేవారు.

ప్రతిదాన్నీ వంటింటి కాటా మీద తూచేవారు. టూత్‌బ్రష్‌కి పిడి కోసేశారు. నేను మొదటిసారి షాపులో మూడు వందల డాలర్లు పోసి కొన్న టెంటు తెస్తే, కారు డిక్కీలోంచి దించనివ్వలేదు. "అది ఇల్లు. ఇల్లు మోసుకుని నడిచేది నత్త," అన్నారు. ఆయనకొక్కటే రూలు. ఎవడి బరువు వాడు మోయలేని రోజున అడవికి రాకూడదు. ఇరవై ఏళ్ళ వేట స్నేహితుడొకాయన, ప్లంబర్, ఒక ఏడాది మోకాలు వాచి వచ్చాడు. అర కిలోమీటరు నడిచాక ఆగి, కాస్త నా సంచి పట్టండి అన్నాడు. మేస్త్రి గారు అతని చేతికి కారు తాళాలిచ్చి, "హీటర్ వేసుకుని కూర్చో, ఎల్లుండి వస్తాం," అని వెనక్కి చూడకుండా నడిచారు. ఆ ప్లంబర్ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నాకు మాత్రం అప్పుడు ఆయన చాలా గొప్పగా కనిపించారు. అది కూడా ఒప్పుకోవాలి.

రెండో ఏడు ఎవరి పట్టా వాళ్ళే చేసుకోవాలన్నారు. నేను ఎంతో శ్రద్ధగా కుట్టాను. మా ఆవిడ దాన్ని మెషీన్‌లో వేస్తూ సబ్బు పోసింది, పైన సువాసన వచ్చే సాఫ్టెనర్ కూడా పోసింది. నేను పక్కనే నిలబడి చూశాను, వద్దనలేదు. సబ్బు లేకుండా ఉతకడమనేది మా ఇంట్లో ఊహకందని విషయం. ఆయన చెప్పినప్పుడు, పొదుపు కోసం చెప్పారనుకున్నాను.

మేం వేటకి వెళ్ళే చోటు సిటీకి ఈశాన్యంగా మూడు గంటల డ్రైవ్, ఆ తర్వాత బురదనేలల పక్కనుంచి రెండు గంటల నడక. నేను పట్టా విప్పగానే ఆయన ముక్కు ఎగబీల్చారు.

"ఏంటిది, పెళ్ళికొచ్చావా?"

"ఉతికినం మేస్త్రి గారూ."

"సబ్బుతోనా?"

నేను తలూపాను. ఆయన నవ్వారు. "ఈ వాసనకి జింకలన్నీ అమెరికా బార్డర్ దాటేస్తాయి. సర్లే, కట్టు. వానొచ్చాక తెలుస్తది," అన్నారు.

మధ్యాహ్నం వాన మొదలైంది, మధ్యమధ్య మంచుతో. సబ్బు పడితే ఆ షీటుకి నీటిని ఆపే గుణం పోతుందని ఆయన ముందెప్పుడూ చెప్పలేదు. పదిహేను నిమిషాల్లో పట్టా లోపలి వైపు చెమట పట్టినట్టయి, చుక్కలు కారడం మొదలైంది. పది అడుగుల దూరంలో ఆయన తన పట్టా కింద పొడిగా కూర్చుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ నన్ను చూస్తున్నారు. సిగ్గు చంపుకుని, "అక్కడికి రావచ్చా?" అని అడిగాను.

"చోటు లేదు," అన్నారు.

చోటుంది. ఆయన పక్కన సంచి పెట్టుకున్నారు, దాన్ని జరిపితే చాలు. జరపలేదు. సాయంత్రందాకా నేను తడిశాను, ఆయన చూశారు. పళ్ళు టకటకలాడుతుంటే, "లేచి కట్టెలు ఏరు, ఒళ్ళు వేడెక్కుద్ది," అని మాత్రం చెప్పారు. ఏడుస్తూ ఏరాను, వానలో తెలియదు కదా అని. తిరిగొచ్చాక మా ఇంట్లో కూర్చుని మా ఆవిడ చేసిన పకోడీలు తింటూ ఆ కథంతా ఆమెకే చెప్పి నవ్వారు. ఆమె లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇంత చెప్పాక కృతజ్ఞత అంటే నవ్వుతారేమో. కానీ నేను చుట్టిన ఏ ఇంటి గోడలోకీ ఈ తొమ్మిదేళ్ళలో నీరు దిగలేదు. అడవిలో నేను మళ్ళీ తడవలేదు. ఈ దేశంలో నాతో నవ్వుతూ మాట్లాడి ఫైలు పక్కన పెట్టినవాళ్ళు బోలెడుమంది. మొహం మీద తిట్టి చేతిలో పని పెట్టింది ఆయనొక్కరే. ఆయన నోటినుంచి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బాగుంది అనిపించుకోవాలని ఎదురుచూశాను. అది నా తండ్రి దగ్గర కూడా కోరుకోలేదు.

గత రెండేళ్ళలో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాస్కు పెట్టుకోకుండా ముప్పై ఏళ్ళు చెక్కా సిమెంటు బోర్డూ కోసిన దుమ్ము. నిరుడు డాక్టర్ పని మాన్పించారు. గరాజ్ మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగేవారు. అయినా ఆ వేసవంతా ఆ కుట్టు మిషన్ ఆడుతూనే ఉందని ఆంటీ చెప్పేది.

అక్టోబర్ చివర్లో ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి గరాజ్‌లో బల్ల మీద ఒక సంచి సర్ది పెట్టి ఉంది. తెల్లది, అదే షీటుతో కుట్టింది. "ఎత్తి చూడు," అన్నారు. ఎత్తాను. ఖాళీ సంచేమో అనుకున్నాను. లోపల నాలుగు రోజుల సామాను మొత్తం ఉంది. పట్టా అంచులు అంగుళం అంగుళం కత్తిరించారు. తాళ్ళు సన్నవి మార్చారు. కుట్టు మడతలు కూడా సగానికి తగ్గించారు.

"ఈ మాత్రం నేను మోస్తాను," అన్నారు. ఆ మాటకి మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నారు. "తుపాకీ కూడా వద్దు. నువ్వే కాల్చు. నేను ఊరికే కూర్చుంటా. ఈ ఒక్క ఏడు."

ఆయన ఎవర్నీ ఏదీ అడగగా నేను చూడలేదు. అడగడం చేతకాక, చేతులు బల్ల మీద పెట్టి ఆ సంచి వైపే చూస్తున్నారు. కారు దిగిన చోటే కూర్చోబెట్టొచ్చు. రోడ్డు పక్కనే గుడారం వేసి నాలుగు రోజులు టీ తాగి రావచ్చు. ఇవన్నీ నాకు ఆ తర్వాత తోచాయి. ఆ క్షణంలో మాత్రం, ఎన్నాళ్ళుగానో దాచుకున్నది నోటికొచ్చింది.

"బరువు సంచి కాదు మేస్త్రి గారూ. మీరు."

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు. గోడకి సరిగ్గా కూర్చున్న షీటుని చూసినట్టు చూశారు.

"కరెక్టుగా చెప్పావురా," అన్నారు.

తొమ్మిదేళ్ళు నేను ఎదురుచూసిన మాట అదే. అలా వచ్చింది. ఇంటికెళ్ళి నేను అన్నం తినలేకపోయాను, కానీ ఆయనకి ఫోన్ చేసి రమ్మనలేదు. రూలు ఆయనదే కదా అని సమాధానం చెప్పుకుని నవంబర్ రెండో వారంలో ఒక్కణ్ణే వెళ్ళాను. రెండో రోజే జింక పడింది. మూడో రోజు ఉదయానికల్లా సిటీకి తిరిగొచ్చి, వెనక తొడ మాంసం ఆయన కుట్టిన సంచిలోనే పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మంచు పడుతోంది. ముందు తలుపు కొడితే ఆంటీ మెట్లు దిగి రావాలని పక్క గేటు తీసుకుని పెరటివైపు నడిచాను.

గరాజ్ మూలకీ కంచె కర్రకీ మధ్య తాడు కట్టి ఉంది. తాడు మీద తెల్ల పట్టా, దాని కింద మేస్త్రి గారు. ఆరెంజ్ కోటు, ఆరెంజ్ టోపీ. ఒళ్ళో ఏమీ లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వెనక సందులోకి కదలకుండా చూస్తున్నారు. ఆయన వీపు నా వైపు ఉంది. అక్కడ చెత్తడబ్బాలు తప్ప ఏమీ లేవు. వంటింటి కిటికీ తెరిచి ఆంటీ ఏదో అంది. ఆయన తల తిప్పకుండా ఏదో జవాబిచ్చారు. నాకు వినపడలేదు. నేను గేటు మెల్లిగా వేసి, మాంసం ముందు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాను. మర్నాడు ఆయన ఫోన్ చేసి, సంచి మూల కుట్టు ఊడింది చూసుకోలేదా అని తిట్టారు. చలికాలమంతా ఆయన్ని చూడటానికి వెళ్ళినప్పుడల్లా హాకీ గురించే మాట్లాడుకున్నాం.

పదో రోజు అయ్యాక ఆంటీ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "నువ్వు వెళ్ళిన మూడు రోజులూ తెల్లారగానే బయట కూర్చునేవారు. ఎవరన్నా ఫోన్ చేస్తే అడవికెళ్ళారని చెప్పమన్నారు. అందరికీ అదే చెప్పాను. ఆ మూడో రోజు గేటు దగ్గర నువ్వు నిలబడటం నేను చూశాను. 'ఏమండీ, గేటు దగ్గర వాడొచ్చాడు, చూడండి' అన్నా."

"ఏమన్నారు ఆంటీ?"

"'అడవిలో గేటేంటే' అన్నారు."

ఆ రోజు ఆ జవాబిచ్చాక ఆయన చేసింది మాత్రం నేను గేటు దగ్గరనుంచి చూశాను. పట్టా మీద మంచు పేరుకుని మధ్యలో కుంగింది. ఆయన చెయ్యెత్తి, లోపలినుంచి వేళ్ళతో రెండుసార్లు తట్టారు. మంచు చప్పుడు లేకుండా జారి పక్కన పడింది. చెయ్యి మళ్ళీ మోకాలి మీద పెట్టుకుని, ఆయన సందులోకి చూస్తూ కూర్చున్నారు.