వాగు సంగతి అడగని ఫారం

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ బాగా వచ్చని నమ్మినవాళ్లు ఇద్దరే. ఒకరు మా అమ్మ, ఇంకొకరు నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్న సారు. (ఇద్దరిలో ఎవరూ కంప్యూటర్ ముట్టినవాళ్లు కాదు.) ఖమ్మంలో కోర్సు చేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను తెచ్చి, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక ధర్మసంస్థ నడిపే చిన్న దవాఖానాలో కూర్చోబెట్టారు. చేరింది వానాకాలంలో. బట్టలు ఆరేవి కావు, కరెంటు నిలిచేది కాదు, గోడల మీద నాచు మాత్రం నాకంటే చురుగ్గా ఎదిగేది.

వాగులు పొంగితే గూడేలకు దారి తెగిపోతుంది. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లను ముందే జీపులో తెచ్చి, కాన్పు అయ్యేదాకా దవాఖానా వెనక గదిలో ఉంచడం అక్కడి పద్ధతి. జీపు ఒక్కటే. ఎవరిని ముందు తేవాలో నా ముందున్న కంప్యూటర్‌లోని ఫారం చెప్పేది. ఊరి దూరం, నెలలు, రక్తం, వాగు అన్నీ నింపితే కింది గడిలో ‘వెంటనే’ అనో ‘తర్వాత’ అనో పడేది. దాని వెనక నాకు ముందు పనిచేసినాయన రాసిపెట్టిన సూత్రం ఉంది. ఇదైతే ఇది, కాకపోతే అది, అదీ కాకపోతే ఇంకోటి. ఒక బ్రాకెట్ కడుపులో ఇంకో బ్రాకెట్. (నాకూ మాటకు ముందు బ్రాకెట్ పెట్టే రోగం ఉంది (ఇదిగో, ఇలా), కానీ నేను మూసేస్తాను.)

ఒకరోజు పొద్దున గూడేల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త అక్క తడిసి ముద్దయి వచ్చింది.

“తమ్మీ, మా మరదలుకు తొమ్మిదో నెల. నీ పెట్టె ఏంది, ‘తర్వాత’ అంటుంది? పోయినేడు గిట్లనే జీపు కోసం సూసి సూసి, గా వాగొడ్డునే గామె బిడ్డ పాయె.”

సారు తల పట్టుకున్నారు. “సిస్టం చెప్పినట్టే పోవాలె అక్కా! మనిషికో రూలు పెడితే మొత్తం కొలాప్స్ అయితది!”

“కొలాప్స్ కావడానికి ముందు నిలబడాలె గద సార్,” అని నేను సూత్రం తెరిచాను. ఒక బ్రాకెట్ తీసి చూశాను. అంతే, లిస్టులో ఉన్న గర్భిణులందరికీ ‘తర్వాత’ వచ్చేసింది.

“అయిపాయె! సర్వనాశనం!” అన్నారు సారు.

“ఇంకా సేవ్ చెయ్యలే సార్.”

బ్రాకెట్ మళ్లీ పెట్టి, పరీక్ష కోసం నన్నే నింపుకున్నాను. నా పేరు, తొమ్మిదో నెల, రక్తం తక్కువ, అక్క మరదలి గూడెమే, వాగు అవతల. ‘తర్వాత’ అంది. మిగతావన్నీ అలాగే ఉంచి దూరపు ఊరు వేశాను. ‘వెంటనే’ అంది. అప్పుడు అర్థమైంది. ఊరు దూరమైతేనే అది వాగు సంగతి చూస్తోంది. దగ్గరైతే అక్కడికక్కడే ‘తర్వాత’ అని చేతులు దులుపుకుంటోంది. పాపం, నాకు ముందు పనిచేసినాయన దీన్ని రాసింది ఎండాకాలంలో. అప్పుడు వాగంటే ఇసుక, బండి మీద దాటేయొచ్చు. ఆ గూడెం మా వరండాలోంచి కనబడుతుంది కూడా.

వాగు ప్రశ్నను అన్నిటికంటే ముందుకు జరిపాను. మరదలికి ‘వెంటనే’ పడింది. లిస్టు ప్రింటు తీసి డ్రైవరన్నకు ఇచ్చాను. ఆయన వరండాలో నిలబడి నా పేరు గట్టిగా చదివాడు.

“గీమె ఎవలు? అందరికన్నా ముందు గీమెనే తేవాల్నంట!”

“నేనే అన్నా.”

“ఎన్నో నెల?”

“తొమ్మిది. నేను ఆగుత గని, నువ్వు జల్దీ పో.”

వెనక గదిలోని ఆడవాళ్లంతా నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ అక్క కూడా నవ్వింది. ఆ వానాకాలంలో అక్కడ నవ్వు వినబడటం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

జీపు వాగు దాటలేకపోయింది. అక్క తమ్ముడూ గూడెం వాళ్లూ ఆమెను మంచం మీద ఎత్తుకుని, ఛాతీ లోతు నీళ్లలో ఇవతలికి తెచ్చారు. తెల్లారి ఆడపిల్ల పుట్టింది. బతికింది. సారు అందరికీ తన సిస్టం గొప్పతనం చెప్పుకున్నారు. అక్క మాత్రం నా కుర్చీ పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“తమ్మీ, పోయినేడు గూడ గిదే ఫారమా?”

“అవ్ అక్కా.”

అక్క ఏడవలేదు. ప్రతి ఏడుపు మీదా ఒక జోకు సిద్ధంగా పెట్టుకునే నాకు, ఏడవని మనిషి ముందు ఏం చేయాలో తెలియలేదు. లేచి కుర్చీ ఇచ్చాను. కూర్చోలేదు.

వానలతో పాటే నా కాంట్రాక్టూ అయిపోయింది. బస్సు ఎక్కాక గుర్తొచ్చింది, నా పేరుతో ఉన్న ఆ పరీక్ష ఎంట్రీ తీసేయడం మర్చిపోయానని. ఇప్పటికీ ఖమ్మంలో వాన పట్టినప్పుడల్లా నాలో నేను నవ్వుకుంటాను. ఆ పాత కంప్యూటర్‌లో ఆ కుర్రవాడు ఇంకా తొమ్మిదో నెలతోనే ఉండి ఉంటాడు, వాగు అవతల, జీపు కోసం చూస్తూ.