టీ తాగని నీళ్ల మనిషి

ముత్యాలప్ప ఊళ్లో టీ తాగడు. ఇంట్లో పెళ్లాం సిద్దమ్మ పెడితే రెండు గ్లాసులైనా తాగుతాడు, కంబదూరు పోతే అక్కడా తాగుతాడు. సొంత ఊళ్లో మాత్రం ఎవరెంత బతిమాలినా చెయ్యి అడ్డం పెడతాడు. తెలియనివాళ్లు పిసినారి అనుకుంటారు. తెలిసినవాళ్లలోనూ కొందరు అదే అంటారు, అది వేరే సంగతి.

ఆ ఊళ్లో టీ తాగడం అంత తేలికైన పని కాదు మరి. బస్సు ఆగే చోట రోడ్డుకు అటొక టీ హోటలు, ఇటొక టీ హోటలు. పేరుకు హోటళ్లే గానీ, రెండూ రేకుల పంచలు. ఒక్కోదాని ముందు ఒక్కో పొడుగాటి బెంచీ. పడమటి బెంచీ లింగప్ప మనుషులది, తూర్పు బెంచీ ఓబిలేష్ మనుషులది. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. పైన ఎవరి పార్టీ గెలిస్తే ఊళ్లో వాళ్ల బెంచీ నిండుతుంది, రెండోది బోసిపోతుంది. ఎవరు ఏ బెంచీ మీద కూర్చుని టీ తాగితే వాళ్లు ఆ వర్గమని లెక్క. ఓటు ఎవరికి వేశావని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. టీ ఎక్కడ తాగావో చూస్తారు, అంతే.

ముత్యాలప్ప పని ఊరికి నీళ్లు వదలడం. బోరు మోటారు వేసి ట్యాంకు నింపుతాడు. ఈల ఊది, ఇనుప కడ్డీతో వాల్వు తిప్పి వీధికి నీళ్లు పంపుతాడు. పైపు పగిలితే గుంత తవ్వి అతుకు వేస్తాడు. పంచాయతీ ఇచ్చే జీతం చిన్నదే. అయినా వాన మొహం చాటేసిన ఊళ్లో నెలనెలా చేతికొచ్చే జీతమంటే మాటలు కాదు. చెనక్కాయ పంటను నమ్ముకున్న అతని అన్నదమ్ములు ఏటా కూలికి బెంగళూరు బస్సెక్కుతున్నారు. ముత్యాలప్ప ఎక్కకుండా నిలబడ్డాడంటే ఆ కడ్డీ పుణ్యమే.

ఆ కడ్డీ అతని చేతికి న్యాయంగా ఏమీ రాలేదు. లింగప్ప సర్పంచి పదవికి నిలబడినప్పుడు ముత్యాలప్ప ఊరంతా జెండాలు కట్టాడు, గొంతు పోయేదాకా జై కొట్టాడు. లింగప్ప గెలిచి చేసిన మొదటి పని, అప్పటి నీళ్ల మనిషి ఎర్రన్నను తీసేసి ఆ పని ముత్యాలప్పకు ఇవ్వడం. ఎర్రన్న చేసిన నేరం తూర్పు బెంచీ మీద టీ తాగడం.

కడ్డీ అప్పగించేటప్పుడు ఎర్రన్న తిడతాడనుకుని ముత్యాలప్ప తల వంచుకునే నిలబడ్డాడు. ఎర్రన్న తిట్టలేదు. మూడు వీధుల వాల్వులూ తిప్పి చూపించాడు.

"కాలనీ వాల్వు బిగుతుగా ఉంటాది, నెమ్మదిగా తిప్పు. ఇంగొగటి చెప్తా ఇను. ఊర్లో టీ మాత్రం తాగద్దప్పా. నేను దినామూ తాగితిని, నా గతి జూస్తాండావు గదా."

ఆ వారమే ఎర్రన్న పెళ్లాం పిల్లలతో బెంగళూరు బస్సెక్కాడు. అతని నోటి దగ్గరి కూడు తాను లాక్కున్నానన్న బాధ ముత్యాలప్పను చాలా కాలం తిననివ్వలేదు. ఊళ్లో టీ మానేయడం అప్పుడు మొదలైంది. నీళ్లకు వంతు పెట్టడమూ అప్పుడే.

ఆ ఊళ్లో నీళ్లంటే ముందు వదిలిన వీధికి ధార, చివర వదిలిన వీధికి దారం. అందుకని ఈ రోజు మొదట వదిలిన వీధికి రేపు చివర వదులుతానన్నాడు ముత్యాలప్ప. పైవీధి, కిందివీధి, కాలనీ, మూడింటికీ అదే పద్ధతి. లింగప్పకు ఇది కొరుకుడు పడలేదు.

"మా పైవీధికి ముందు వదలతావని గదరా నీకు పనిచ్చింది!"

"ఎర్రన్నను తీసేసినట్టు రేపు నన్నూ తీసేస్తారు గదన్నా. వంతు పెడితే తీసేదానికి సాకు దొరకదు."

లింగప్ప నవ్వేసి ఊరుకున్నాడు. మనవాడు తెలివైనవాడే అనుకున్నాడు.

అలా కాలం గడుస్తుండగా ఎన్నికలొచ్చాయి, పైన ప్రభుత్వం మారింది, తూర్పు బెంచీ నిండింది. రేషను డీలరు మారాడు. బడిలో వంట చేసే ఆమె మారింది. ఉపాధి పనులు చూసేవాడు మారాడు. ముత్యాలప్ప మీద చెయ్యి వేద్దామంటే ఓబిలేష్‌కు పట్టు దొరకలేదు. సొంత కిందివీధిలోనే నీళ్లు రాలేదన్నవాళ్లు లేరు.

పట్టు ఎండాకాలంలో దొరికింది. పడమటి హోటలు ముందు పైపు పగిలింది. మిట్టమధ్యాహ్నం గుంత తవ్వుతున్న ముత్యాలప్పకు కళ్లు తిరిగాయి. హోటలాయన పరుగున వచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, మొహాన నీళ్లు చల్లి, చేతిలో టీ గ్లాసు పెట్టాడు. ముత్యాలప్ప తాగాడు. తాగాక గానీ తానెక్కడ కూర్చున్నదీ అతనికి తెలియలేదు. అప్పటికే రోడ్డవతల ఎవరో ఫోను ఎత్తి ఫోటో తీశారు. సాయంత్రానికి ఊళ్లో అందరి ఫోనుల్లోనూ ఆ టీ గ్లాసే.

ఓబిలేష్ పిలిపించాడు.

"ఏమప్పా ముత్యాలప్పా, ఇన్నేండ్లూ ముట్టనోడివి. లింగప్పోళ్ల టీ అంత తీపైందా?"

"ఎండకు కండ్లు తిరిగి పడినానన్నా."

"మా బెంచీ కాడ ఎండ కొట్టల్యా నీకు?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబిలేష్ గొంతు తగ్గించాడు. "మా అక్క కొడుకును పెట్టమని ఇంట్లో పోరు. నేనే ఆపినా. రేపు పొద్దున అందరూ జూస్తాండంగా మా బెంచీ మీద కూచొని ఒక టీ తాగు. పని నీదే."

ఇంట్లో సిద్దమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "తాగు. ఇషమేం గాదు గదా. నాకు బెంగళూరు వద్దు."

"టీతో అయిపోతాదా? రేపట్నుంచీ కిందివీధికే ముందు వదలమంటాడు. మన కాలనీకి ఇంగ దినామూ దారమే."

సిద్దమ్మ ఖాళీ బిందెల వైపు చూసింది. ముత్యాలప్పకు ఆ రాత్రి భయంతో నిద్ర పట్టలేదు.

తెల్లారి పోయి తూర్పు బెంచీ మీద కూర్చున్నాడు, టీ తాగాడు. ఓబిలేష్ భుజం తట్టి, ఇంక మనోడే అన్నాడు. మళ్లీ ఫోటో తీశారు. ముత్యాలప్ప వినయంగా దండం పెట్టి వెళ్లాడు.

మర్నాడు మామూలుగా వంతు ప్రకారం నీళ్లు వదిలాడు. చేతులు తుడుచుకుని, తిన్నగా పడమటి బెంచీ దగ్గరికి పోయి కూర్చున్నాడు. "ఒక టీ ఇయ్యప్పా" అన్నాడు.

"ఏమప్పో, నిన్న మా టీ తాగింది యాడికి పాయె?" అని ఓబిలేష్ అవతలి నుంచి అరిచాడు.

"నిన్న మీది తాగినా గదన్నా. ఈ పొద్దు ఈళ్ల వంతు."

లింగప్ప మనుషులు పగలబడి నవ్వారు. ఆ మర్నాడు అతను తిరిగి తూర్పు బెంచీ మీద కనబడేసరికి ఆ నవ్వు ఆగింది. తూర్పు హోటలాయన టీ పొయ్యాలా వద్దా అని ఓబిలేష్ మొహం చూశాడు. ముత్యాలప్ప చిల్లర తీసి బెంచీ మీద పెట్టాడు. వ్యాపారం చేసేవాడు చిల్లర చూశాక పొయ్యక చస్తాడా? ఇన్నేళ్లూ ఏ బెంచీ ఎక్కనివాడు ఇప్పుడు రెండూ ఎక్కుతుంటే, ఎవడి మనిషని చెప్పాలో ఊరికి పాలుపోలేదు.

ఓబిలేష్‌కు మాత్రం ఒళ్లు మండింది. పంచాయతీ సెక్రటరీ వనజాక్షి దగ్గరికి పోయాడు. పరీక్ష రాసి కొలువు తెచ్చుకున్న గుంతకల్లు పిల్ల, ఇదే మొదటి ఊరు. ఆమెకూ బెంచీల సంగతి తెలుసు. ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చుకుని ఆఫీసులోనే తాగేది. ముత్యాలప్ప నీళ్లు సరిగా వదలడం లేదని రిపోర్టు రాయమన్నాడు ఓబిలేష్. రిపోర్టు లేనిదే తీసేయడానికి లేదు.

"చూసి రాస్తానండీ" అంది వనజాక్షి.

"చూసేదేముండాది మేడమ్, రాసేది గదా!"

ఆమె చూడటానికే పోయింది. వేకువనే వచ్చి, ఈల వినబడిన వీధికల్లా నడిచి, బిందెల దగ్గర నిలబడి ఆడవాళ్లను అడిగింది. కిందివీధిలో ఓబిలేష్ సొంత వదినే చెప్పింది.

"నీళ్లకేం మేడమ్, వస్తాండాయి. మొన్న మాకే ముందు. రేపు మళ్లా మాకే. ముత్యాలప్ప వంతు తప్పడు."

వనజాక్షి చూసింది చూసినట్టు రాసింది. ముత్యాలప్ప పని నిలిచింది. నెల తిరగకుండా ఆమెకు బదిలీ వచ్చింది, జిల్లాకు ఆ కొసనున్న ఒక మారుమూల పల్లెకు. ఎవరు ఎవరికి ఫోను చేశారో ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఆమె వెళ్లే రోజు పొద్దున్నే ముత్యాలప్ప కడ్డీ పట్టుకునే బస్సు దగ్గరికి వచ్చాడు. రెండు బెంచీలూ నిండి ఉన్నాయి. వనజాక్షి బ్యాగు పక్కన పెట్టుకుని రోడ్డు వారగా నిలబడింది.

"నా వల్ల మీకీ అగసాట్లు మేడమ్."

"నీ వల్ల కాదులే. అక్కడా నీళ్లు వదిలేవాళ్లు ఉంటారు" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కోవాలి, అమ్మకు చెప్పాలి, అవన్నీ ఆమె మొహంలో కనబడ్డాయి.

ముత్యాలప్పకు ఏం చెయ్యాలో తోచలేదు. "టీ తాగుతారా మేడమ్?" అన్నాడు.

వనజాక్షి అటూ ఇటూ చూసింది. "ఏ బెంచీ మీద, ముత్యాలప్పా?"

అతను కడ్డీ చంకన ఇరికించుకుని పడమటి హోటలుకు పోయి ఒక గ్లాసు తెచ్చాడు. తూర్పు హోటలుకు పోయి ఇంకొకటి తెచ్చాడు. రోడ్డు నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆమె బ్యాగు వదిలి వచ్చి, చేతికి దగ్గరున్న గ్లాసు అందుకుంది. అది ఎవరిదని అడగలేదు. ఇద్దరూ అక్కడే నిలబడి తాగారు. రెండు బెంచీలవాళ్లూ తమ గ్లాసులు పట్టుకుని చూశారు.

బస్సొచ్చి వాళ్ల ముందు ఆగి హారన్ కొట్టింది.

"ఉండప్పా, మేడమ్ టీ తాగతాంది" అన్నాడు ముత్యాలప్ప, కదలకుండా.

ఆమె చివరి గుక్కదాకా తాగి, గ్లాసు అతని చేతికిచ్చి బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగాక అతనికి ఎర్రన్న గుర్తొచ్చాడు. తన చేతిలో ఈ కడ్డీ ఉన్నందుకు ఊరు వదిలి బస్సెక్కింది అప్పుడతను, ఇప్పుడీమె. ఎర్రన్న పోయిన రోజు సిగ్గుతో బిగపట్టుకున్న కన్నీళ్లు ఇన్నేళ్లకు, అందరి ముందరా వచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చేతుల్లోని గ్లాసులు రెండూ ఒకే రకం. ఏది ఎవరిదో అతనికీ తెలియలేదు. ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టేసి, కడ్డీ భుజాన వేసుకుని, ఈల ఊదుతూ కాలనీ వాల్వు వైపు నడిచాడు. ఆ పొద్దు ముందు వంతు వాళ్లది.