దురుగహిన్ పంపు

1983 ఎండాకాలం. రాయపూర్‌లో వ్యవసాయ శాఖ ఆఫీసులో నేను గుమాస్తాను. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ ఊళ్ళోనే గుఢియారీ పేటలో స్థిరపడ్డారు. చిన్న రైతు డీజిల్ పంపు తీసుకుంటే ధరలో కొంత సబ్సిడీగా మా ఆఫీసే దుకాణదారుకు కట్టేది. దరఖాస్తులోని పేరు, పొలం నంబరు పట్వారీ (మన కరణం లాంటివాడు) ఇచ్చిన భూమి రికార్డు నకలుతో సరిపోయాయా అని చూడటాన్ని స్క్రూటినీ అంటారు. అది నా పని.

ఒక దరఖాస్తులో ‘దురుగహిన్ బాయి’ అని ఉంది. నకల్లో ఆ పొలం ఫూల్‌బతి బాయిది. ఊరి జాబితా మొత్తం తిరగేశాను, దురుగహిన్ అనే పేరే లేదు. ‘ఈ పేరుగల రైతు లేరు’ అని ఎర్ర సిరాతో రాసి పైకి పంపాను. లేని మనిషిని పుట్టించాడంటూ, ఆ దరఖాస్తు నింపిన మా శాఖ గ్రామసేవక్‌కి నోటీసు వెళ్ళింది. ఆయన ఇంకో నెలలో రిటైరవ్వాలి. విచారణ మొదలైతే పెన్షన్ ఆగిపోతుంది.

నాలుగోరోజు ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"సబ్సిడీ రాలేదని దుకాణంవాడు ఇంజను పట్టుకుపోతానంటున్నాడు బాబూ. కూరతోట ఎండిపోతుంది."

"నీ పేరేంటమ్మా?"

"ఫూల్‌బతి."

"ఆ పేరుతో దరఖాస్తే లేదు."

ఆవిడ కదల్లేదు. "లేకపోవడమేంటి? ఊళ్ళోకొచ్చి ఎవర్నడిగినా నా ఇల్లు చూపిస్తారు."

విసుగ్గానే అన్నాను, "ఏమని అడగాలి?"

"దురుగహిన్ ఇల్లెక్కడని."

ఆ ఫైలు బయటికి తీసి, అదేం పేరని అడిగాను. ఆవిడ పుట్టిల్లు దుర్గ్. ఇక్కడి పల్లెల్లో కోడల్ని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారట. మా ఇంట్లో మాత్రం? బొబ్బిలి అత్త అసలు పేరు నాకు ఇప్పటికీ తెలీదు!

ఫైలు పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. "సార్, తప్పు నాది."

ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు. "నువ్వు రాసింది నువ్వే కొట్టేస్తే ఎలా? పంచనామా చేసుకురా."

పంచనామా అంటే ఐదుగురు ఊరివాళ్ళ ముందు రాసే వాంగ్మూలం. మర్నాడే ఆవిడ ఊరికి బస్సెక్కాను. నోటీసు జేబులో పెట్టుకుని గ్రామసేవక్ అప్పటికే అక్కడున్నాడు. రెండు రోజులుగా అన్నం సయించలేదని ముఖమే చెబుతోంది.

"ఇరవై ఏళ్ళుగా అలాగే పిలుస్తున్నాను బాబూ. వేరే పేరుంటుందని తోచనేలేదు," అన్నాడు.

రెండు పేర్లూ ఒక్కరివేనని ఐదుగురూ వేలిముద్రలు వేశారు, పట్వారీ సంతకం పెట్టాడు. ఆ వారంలోనే నోటీసు రద్దయింది, సబ్సిడీ మంజూరైంది. ఆర్డరు చేతికివ్వగానే గ్రామసేవక్ మెట్లమీద కూర్చుని, చాలాసేపు కండువాతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. నాకూ అప్పుడే ఊపిరి తిరిగింది.

పంచనామా రోజున పంపు నడిపి చూపిస్తూ ఆవిడ ఒక మాటంది. "మా అమ్మ పోయాక నన్ను ఫూల్‌బతి అన్నది మీ ఆఫీసు కాగితమే బాబూ."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ‘లేరు’ అని రాయాల్సి వచ్చినప్పుడల్లా ముందు ఆ ఊరికి ఒక కబురు పంపేవాణ్ణి: ఈ పేరుతో మీ ఊళ్ళో ఎవర్ని పిలుస్తారు? చాలాసార్లు మనిషి ఉండేవాడు.