ముప్పై దాటని టర్బో

ఆ రోజుల్లో ఇంజన్ల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నా ఒక్కడిదే, గ్యారేజీలో మరెవరికీ లేదు.) కోల్‌కతా కార్పొరేషన్‌లో చెత్త లారీ నడిపే మా మావయ్య, మెటియాబ్రుజ్ దగ్గర గ్యారేజీ పెట్టుకున్న ఒక బెంగాలీ దాదాని (అక్కడ దాదా అంటే అన్న) బతిమాలి నన్ను పనిలో పెట్టాడు. అంతకుముందు రెండు చోట్ల నా తెలివి భరించలేక పంపేశారు. "ఏటిరా, ఇది మూడోది. ఇక్కడా పని పోగొట్టుకున్నావంటే పలాస రైలెక్కించేస్తాను. మీ నాయినతో కూకుని జీడిపిక్కలు కొట్టుకో" అన్నాడు. మావయ్య అన్న మాట నిలబెట్టుకునే మనిషి కావడం నా దురదృష్టం.

దాదా నాకు మొదటిసారి ఒంటరిగా అప్పగించిన పని, సాల్ట్ లేక్ పేటలో ఉండే సాఫ్ట్‌వేర్ బాబు కారు. పాత కారుకి టర్బో పెట్టించుకున్నాడాయన. బండి జోరందుకుంటే టర్బో ఇంజన్‌లోకి గాలి కూరుతుంది. గాలి పెరిగినప్పుడల్లా పెట్రోలు ప్రెషరూ పెరగాలి, లేకపోతే పెట్రోలు చాలక పిస్టన్ కరిగిపోతుంది. గాలి కబురు ప్రెషర్ రెగ్యులేటర్‌కి మోసేది ఒక సన్నని రబ్బరు గొట్టం. ప్రెషర్ సెట్ చేసేటప్పుడు ఆ గొట్టం పీకి, దాని మూతిలో బోల్టు దూర్చి, మీటరు చూస్తూ రెగ్యులేటర్ స్క్రూ తిప్పాలి. పనయ్యాక బోల్టు తీసి గొట్టం మళ్ళీ తగిలించాలి. అందుకోసమే దాదా ఒక బోల్టుకి ఎర్ర రంగు పూసి ఉంచాడు. మీటరూ అదీ ఆలుమగల్లా ఒకే డబ్బాలో కాపురం ఉండేవి.

విశ్వకర్మ పూజకి ముందురోజు సాయంత్రం, మీటరు ముల్లుని సరిగ్గా గీత మీద నిలబెట్టి నా భుజం నేనే తట్టుకుంటున్నాను. పనిముట్లన్నీ కిరసనాయిల్తో కడిగి పూజకి సర్దమని దాదా కేకేశాడు. మీటరు విప్పుకుని, బానెట్ మూసి పరిగెత్తాను. మర్నాడు విగ్రహం ముందు స్పానర్లు, జాకీలు, మెడలో పూలదండతో మా మీటరు. దణ్ణం పెట్టి కళ్ళు మూసుకోబోతూ చూశాను కదా, మీటరు పక్కన ఎర్ర బోల్టు లేదు. అదింకా గొట్టం మూతిలోనే ఉంది. కారు బానెట్ మీదేమో సిందూరం, బంతిపూల దండ. పూజ చేసిన బండి బానెట్‌ని ఆ రోజంతా ఎవరూ ఎత్తకూడదన్నది ఆ గ్యారేజీ కట్టుబాటు. చెబితే నాకు పలాస రైలు, చెప్పకపోతే కారుకి పిస్టన్ గండం.

సాఫ్ట్‌వేర్ బాబు సందేశ్ మిఠాయి నములుతూ వచ్చి, "ఇవాళ బైపాస్ మీద దీని దమ్మెంతో చూస్తాను" అన్నాడు. నా నోరు నన్నడక్కుండానే పలికింది. "మా ఆంధ్రాలో పూజ చేసిన బండిని ఆ రోజు ముప్పై దాటనివ్వరు బాబూ. దేవుడు పైన కూచుని ఉంటాడు. జోరుగా పోతే జారిపోతాడు."

దాదా నా వంక చూశాడు. తర్వాత మీటరు వంక చూశాడు. "వాళ్ళ నియమం బాబూ, పాటిస్తే పోయేదేముంది" అని, నావైపు తిరిగి, "నువ్వూ వెళ్ళు. దేవుడు జారకుండా చూసుకో" అన్నాడు.

టర్బో కారులో అంత నెమ్మదిగా ఊరేగినవాళ్ళు లోకంలో మేమిద్దరమే అయివుంటాం. పైన ఆ ఊళ్ళో పూజనాడు ఎగరేసే గాలిపటాలు, పక్కన మమ్మల్ని దాటిపోతూ ఒక సైకిలు రిక్షా. స్పీడు ముల్లు ముప్పై రెండుకి చేరితే చాలు, "జారుతున్నాడు బాబూ" అనేవాణ్ణి. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి అరగంట ఆపేసింది. (ఆ ఊళ్ళో ఊరేగింపుని మనసారా దీవించిన ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే.) సాల్ట్ లేక్ చేరాక ఆయన నాకు మిఠాయి తేవడానికి లోపలికి వెళ్ళాడు. స్వామీ, తప్పు కాయమని బానెట్ ఎత్తాను. బోల్టు పీకాను, గొట్టం తగిలించాను. గుటక వేసినంతసేపు పట్టలేదు.

రెండు బస్సులు మారి వచ్చి, ఎవరూ చూడకుండా బోల్టుని మీటరు పక్కన పెట్టాను. వెనకాల ప్రసాదం ఖిచుడీ తింటున్న దాదా తలెత్తలేదు.

"సాల్ట్ లేక్ చూసొచ్చిందా బోల్టు?"

దాదా పక్కకి జరిగి చోటిచ్చాడు. "కూచుని తిను. ఇకనుంచి డబ్బాలో బోల్టు కనబడేదాకా బానెట్ మూయకు" అన్నాడు. మావయ్యకి మాత్రం దాదా జన్మలో చెప్పలేదు. ఆ పూట నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఖిచుడీ వేడిగా ఉందని బుకాయించాను.

ఇప్పుడు నాకూ ఒక గ్యారేజీ ఉంది. దాదా పోయి చాలా ఏళ్ళయింది. కిందటేడు పూజనాడు అటువైపు వెళ్తే, దండలు వేసుకున్న కార్లు ఆ గ్యారేజీలోంచి ఒకదాని వెనక ఒకటి నత్తల్లా బయటికొస్తున్నాయి. అక్కడి కొత్త మేస్త్రీ ఎవరికో చెబుతున్నాడు: "ముప్పై దాటకండి. మా దాదా పెట్టిన నియమం, ఆంధ్రావాళ్ళ ఆచారమట." అలాంటి ఆచారం ఆంధ్రాలో లేదని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, నా కారెక్కి, ముప్పైలోనే ఇంటికి వెళ్ళాను. పైన కూచున్నది దాదా అయినా కావచ్చు.