పిన్ని కాళ్ళలో కంగారు

నా చిన్నప్పుడు తాతయ్య వాళ్ళింట్లో తెల్లారిందంటే ముందుగా వినిపించేది మా పిన్ని చెప్పుల చప్పుడు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే నడిచేది. అన్నానికి కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేది. ఎక్కడైనా నిలబడాల్సి వస్తే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉండేది. కాసేపు ఆమెనే చూస్తూ ఉంటే నా ఒంటిమీద కూడా ఏదో పాకుతున్నట్టు అనిపించేది.

అప్పుడు నేను ఆరో తరగతి. మా అమ్మానాన్నలు దివిసీమలో ఒక పల్లెలో బడిపంతుళ్ళు. అక్కడ హైస్కూలు లేదని నన్ను బెజవాడలో తాతయ్య దగ్గర పెట్టారు. గుణదలలో ఏలూరు కాలువకి దగ్గర్లో చిన్న పెంకుటిల్లు. తాతయ్య గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయనా, అమ్మమ్మా, పిన్నీ, నేనూ.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. చిన్నపిల్లల బడిలో టీచరు. నేను వెళ్ళడానికి కొన్ని నెలల ముందు ఆమెకి జబ్బు చేసి బడికి వెళ్ళడం ఆగిపోయింది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని మొదలుపెట్టి, చివరికి అక్కడ ఎవరూ లేనప్పుడు కూడా ఆ మాటలు వినిపిస్తున్నాయనే దాకా వచ్చింది. కూరలో ఏదో కలిపారని అన్నం మానేసింది. చర్చి నుంచి ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. అమ్మమ్మ మొక్కుకుని గుణదల మాత కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కింది. ఆఖరికి తాతయ్య ఆమెని సూర్యారావుపేటలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన బిళ్ళలు రాశారు. నెల తిరిగేసరికి మాటలు వినిపించడం తగ్గింది. పిన్ని మళ్ళీ అన్నం తింటోంది, మా మొహాల్లోకి చూసి మాట్లాడుతోంది. అందరం ఊపిరి పీల్చుకునేలోపే ఈ నడక పట్టుకుంది.

జబ్బు ఇంకా పూర్తిగా వదల్లేదనే మేమంతా అనుకున్నాం. అమ్మమ్మ రోజుకి ఎన్నిసార్లు స్థిమితంగా కూర్చోమనేదో లెక్కలేదు. ఆదివారం చర్చి పూజలో పిన్ని లేవబోతే చీర కొంగు పట్టుకుని కిందికి లాగేది. ముందు వరసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కంగారు తగ్గలేదని అమ్మమ్మే చెప్పింది. ఆయన ఇంకో బిళ్ళ పెంచారు. దాంతో పిన్ని నడక మరీ ఎక్కువైంది.

ఒకరోజు సాయంత్రం ఆమె వరండాలో తిరుగుతూనే నాకు లెక్కలు చెబుతోంది. నేను ఉండబట్టలేక, ఎందుకు పిన్నీ అలా తిరుగుతావని అడిగేశాను. అప్పటిదాకా ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదని నాకు తెలియదు.

"బస్సులో చాలా దూరం వెళ్తున్నప్పుడు ఒంటేలుకి ఆగలేక కూర్చున్న చోటే మెలికలు తిరుగుతావు చూడు, నాకు రోజంతా అలాగే ఉంటుందే. మనసు బాగానే ఉంది. కాళ్ళే నన్ను ఉండనివ్వట్లేదు," అంది.

నోరు ఎంత ఎండిపోతోందో, నాలుక ఎంత మందంగా ఉంటోందో కూడా చెప్పింది. పలక మీద 'అ' రాసి చూపించింది. చెయ్యి వణికి ఆ అక్షరం చీమ పాకినట్టు వచ్చింది. ఈ చేత్తో పిల్లల చేత అక్షరాలెలా దిద్దిస్తానే అని పలక తుడిచేసింది.

తర్వాత కొద్ది రోజులకే, పెరట్లో బట్టలుతికే రాయి పక్కన తూములో పిన్ని బిళ్ళ పడేస్తుంటే నా కంటబడింది. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని ఎవరికీ చెప్పనని మాత మీద ఒట్టు వేయించుకుంది. నేను మనస్ఫూర్తిగానే వేశాను.

వారం దాటేసరికి పిన్ని కూర్చోవడం మొదలుపెట్టింది. నిజంగా కూర్చుంది! పూజ మొదటి నుంచి చివరి దాకా కదల్లేదు. నా గౌను అంచు ఊడిపోతే పక్కన చతికిలబడి కుట్టి పెట్టింది. అమ్మమ్మ దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంటూ కొవ్వొత్తులు వెలిగించింది. ఆ ఇంట్లో నాకు అంత సంతోషమైన రోజులు అంతకు ముందు లేవు. కానీ రోజూ తూములోకి పోతున్న బిళ్ళ సంగతి నాకొక్కదానికే తెలుసు. అది తలుచుకుంటే తిన్నది ఒంటబట్టేది కాదు.

మూడో వారంలో ఒక సాయంత్రం వార్తలు వస్తుంటే పిన్ని చటుక్కున రేడియో కట్టేసింది. తన పేరు చదువుతున్నారు, విన్నావా అని మెల్లగా అడిగింది. నేను వినలేదు. మర్నాడు పళ్ళెం పక్కకి తోసేసి, నన్ను కూడా ఆ కూర తినొద్దని చెవిలో చెప్పింది.

అప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. బళ్ళో బెంచీ మీద కూర్చోలేకపోయాను. నీళ్ళ కుండ దగ్గరికి ఊరికే వెళ్ళి వస్తుంటే టీచరు కోప్పడింది. చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే పిన్ని ఏమైపోతుందో. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పొద్దున్న తాతయ్య వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి, పిన్ని బిళ్ళలు తూములో పారేస్తోందని గబగబా చెప్పేశాను.

పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. తాతయ్య కత్తి కింద పెట్టి, నన్ను పక్కన కూర్చోమన్నారు.

"పారేస్తోందని చెప్పావు. ఎందుకు పారేస్తోందో చెప్పలేదు," అన్నారు.

నాకు తెలియదన్నాను. అది అబద్ధమని ఆయనకి అర్థమైనట్టుంది. గట్టిగా ఏమీ అనలేదు. తన ఉద్యోగం సంగతి చెప్పారు. బండి మధ్యలో ఆగిపోతే గార్డు పుస్తకంలో రాయాలట.

"ఆగిందని రాసి ఊరుకుంటే కుదరదమ్మా. ఎందుకాగిందో కూడా రాయాలి. లేకపోతే తప్పంతా డ్రైవరు మీదికి పోతుంది."

అప్పుడు అన్నీ చెప్పాను. బస్సు సంగతి, ఒంటేలు సంగతి, ఎండిపోయే నోరు, పలక మీద వంకర అక్షరం. తాతయ్య సగం మొహం మీద సబ్బు ఆరిపోతున్నా అలాగే విన్నారు. తర్వాత మొహం కడుక్కుని లోపల పిన్ని దగ్గరికి వెళ్ళారు. ఆమెని మందలిస్తారేమోనని నేను తలుపు పక్కనే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ కూర్చో కూర్చో అని చంపాం గానీ ఎందుకు కూర్చోలేకపోతున్నావో అడగలేదని, తప్పు తమదేనని ఆయన అన్నారు. పిన్ని తలుపు దగ్గరున్న నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

డాక్టరు దగ్గరికి రావడానికి ఆమె ఒక పట్టాన ఒప్పుకోలేదు. మీరంతా ఒకటయ్యారంది. తాతయ్య రెండు రోజులు పక్కనే ఉండి బతిమాలారు. చివరికి, అది కూడా వస్తేనే వస్తానని నన్ను చూపించింది. ఎందుకలా అందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

బిళ్ళలు మానేసిందని వినగానే డాక్టరు గారు కాగితం ముందుకి లాక్కున్నారు. బిళ్ళలు మింగకపోతే ఇంజెక్షనే దారి అంటూ రాయబోయారు. తాతయ్య ఎవరి ముందైనా చేతులు కట్టుకుని నిలబడే మనిషి. ఆ రోజు మాత్రం నెమ్మదిగానే అడ్డుపడ్డారు.

"ఏమీ అనుకోకండి డాక్టరు గారూ. మానేసిందని మీరు రాసుకున్నారు. ఎందుకు మానేసిందో ఈ పిల్ల చెబుతుంది, అది కూడా రాసుకోండి."

అంత పెద్ద డాక్టరు ముందు ఒంటేలు అనే మాట అనడానికి సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పిన్ని నాతో ఎలా చెప్పిందో అలాగే చెప్పాను. ఆయన నవ్వలేదు. పిన్ని వైపు తిరిగి, కంగారు మనసులోనామ్మా, కాళ్ళలోనా అని అడిగారు. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిన్ని తలెత్తి, "కాళ్ళలోనండి," అంది.

డాక్టరు గారు కలం పక్కన పెట్టేశారు. ఈ మందు కొంతమందికి ఇలా కాళ్ళు నిలవనివ్వదని, పోయినసారి దాన్ని జబ్బే అనుకుని తాను మోతాదు పెంచానని, పొరపాటైందని ఒప్పుకున్నారు. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెడదామన్నారు. కాళ్ళ కంగారుకి వేరే బిళ్ళ రాశారు. మళ్ళీ ఇబ్బందైతే తనంతట తాను మానేయకుండా వచ్చి చెప్పమని, తాను మారుస్తానని పిన్నికే చెప్పారు, మాకు కాదు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. మాటలు వినిపించడం తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది. కాళ్ళ కంగారు మళ్ళీ వచ్చింది, కాకపోతే ఈసారి ఓర్చుకోగలిగినంత. మధ్యలో ఒకసారి మందే మార్చారు. ఆ రోజుల్లో ఆమెని కూర్చోమన్నవాళ్ళు ఇంట్లో లేరు. పొద్దున్నే తాతయ్య కాలవగట్టు మీద ఆమెతో పాటు నడిచేవారు. అమ్మమ్మ పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టేది, నిలబడి తినడానికి. పూజలో పిన్ని వెనక తలుపు దగ్గర నిలబడితే అమ్మమ్మ కూడా అక్కడే నిలబడేది. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళనే తేరిపార చూసేది. మందు వల్ల పిన్నికి ఒళ్ళు వచ్చి జాకెట్లన్నీ కుట్లు విప్పించుకోవాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది ఎప్పటికీ పోలేదు. వేసవి సెలవుల తర్వాత మళ్ళీ బడికి వెళ్ళింది. పక్కన మంచినీళ్ళ సీసా పెట్టుకుని, పిల్లల వరసల మధ్య తిరుగుతూ పాఠం చెప్పేది.

నాతో మాత్రం చాలాకాలం ముభావంగా ఉండేది. ఒట్టు తప్పానన్న బాధ నన్నూ వదల్లేదు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడు ధైర్యం చేసి అడిగాను, నా మీద కోపం పోయిందా అని.

"కోపం వచ్చిందే, ఎందుకు రాదు," అంది పిన్ని. "కానీ డాక్టరు దగ్గర నా గురించి చెప్పినవాళ్ళంతా నేనేం చేశానో చెప్పారు. నాకెలా ఉందో చెప్పింది నువ్వొక్కదానివే."

ముప్పై ఏళ్ళ పైన బళ్ళో పనిచేశాను. ఒకరి మీద ఒకరు చెప్పడానికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్లల్ని, ఎందుకలా చేశాడో కూడా కనుక్కుని రమ్మని వెనక్కి పంపేదాన్ని. కొందరు తిరిగి వచ్చేవారు కాదు. ఆ అలవాటు నాకూ అంత తేలికగా ఏమీ అబ్బలేదు. మొన్నామధ్య మా వారు బీపీ బిళ్ళలు వేసుకున్నట్టే వేసుకుని చొక్కా జేబులో దాచుకోవడం చూశాను. కోపం తన్నుకొచ్చి మా అబ్బాయికి ఫోన్ చెయ్యబోయాను. మళ్ళీ ఫోన్ పక్కన పెట్టి, ఆయన దగ్గర కూర్చుని అడిగాను. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని, రెండుసార్లు గోడ పట్టుకుని ఆగానని, చెబితే నేను కంగారు పడతానని ఊరుకున్నానని అన్నారు. మర్నాడు డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ముందు ఆయనకి కళ్ళు తిరుగుతున్న సంగతి చెప్పాను. జేబులో బిళ్ళల సంగతి ఆ తర్వాత ఆయనే చెప్పుకున్నారు.